వాతావరణం మాట వినని చోట గోల్ఫ్ పచ్చిక: ఏ గడ్డి, ఏ పద్ధతి?

గోల్ఫ్ కోర్సుకు ఏ గడ్డి మంచిదని అడగ్గానే ఠక్కున ఒక పేరు చెప్పేవాళ్లను నమ్మకండి. ప్రతి గడ్డికీ తనకు నప్పే రెండు మూడు నెలలుంటాయి. ఆ నెలల్లో తీసిన ఫొటోలో ఏ గడ్డైనా నిగనిగలాడుతూనే కనిపిస్తుంది. చూడాల్సింది ఏడాదిలో అన్నిటికన్నా చెడ్డ నాలుగు వారాలు. అవి ఎండ ముదిరి రాత్రి కూడా చల్లబడని వారాలు కావచ్చు, ముసురు పట్టి గ్రీన్ (బంతిని గుంటలోకి దొర్లించే, బాగా పొట్టిగా కోసిన పచ్చిక) మీద నీళ్లు నిలిచే వారాలు కావచ్చు, చలి ముందే వచ్చి మీద పడే వారాలు కావచ్చు. ఆ నాలుగు వారాల్లో బతికి బట్టకట్టేదే మీకు పనికొచ్చే గడ్డి.

ఇదివరకు ఆ చెడ్డ వారాలు ఎప్పుడొస్తాయో కాస్తో కూస్తో తెలిసేది. ఇప్పుడు అదును తప్పింది. అందుకే ఇక్కడి పోలికలన్నిటికీ నేను ఒకే కొలత వాడుతున్నాను: మన అంచనా తప్పితే ఏది సరిదిద్దుకోగలం, ఏది సరిదిద్దుకోలేం? తక్కువైన నీళ్లు రేపు పొద్దున పెట్టొచ్చు. ఎక్కువైన నీళ్లను వెనక్కి తోడలేం. గడ్డి రకం దగ్గర్నుంచి ఎరువు దాకా ఈ తేడా మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. కింద చెప్పిన డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనివే.

గ్రీన్స్‌కు: బెంటా, బెర్ముడానా?

18 హోల్స్ కోర్సులో గ్రీన్స్ అన్నీ కలిపినా హెక్టారు, మహా అయితే హెక్టారున్నర. టెన్షన్ మాత్రం అంతా అక్కడే. రోజూ 3 మిల్లీమీటర్ల ఎత్తుకు కోయించుకుంటూ, పగలంతా కాళ్ల కింద నలిగే మొక్క అది. ఆకు తక్కువ కాబట్టి తయారయ్యే తిండి తక్కువ, తిండి తక్కువ కాబట్టి వేరు తక్కువ. వాతావరణం కాస్త అటూ ఇటూ అయితే ముందు దెబ్బ తినేది ఇదే.

ఎక్కువ మంది తేల్చుకోవాల్సింది రెండింటి మధ్యే. ఒకటి క్రీపింగ్ బెంట్‌గ్రాస్. ఇది చలి గడ్డి. ఆకు పెరగడానికి 15 నుంచి 24 డిగ్రీలు, వేరుకు 10 నుంచి 18 డిగ్రీలు ఉంటే దానికి హాయి. రెండోది అల్ట్రాడ్వార్ఫ్ బెర్ముడా. ఛాంపియన్, మినీవెర్డే, టిఫ్‌ఈగిల్ ఈ కోవలోవి. ఇవి గరికకు దగ్గరి చుట్టాలు. 27 నుంచి 35 డిగ్రీల మధ్య విజృంభిస్తాయి. నేల 10 డిగ్రీల కిందికి దిగితే గోధుమ రంగుకు తిరిగి నిద్రపోతాయి.

పగటి ఎండే బెంట్‌ను చంపుతుందని చాలామంది అనుకుంటారు. చాలాసార్లు చంపేది రాత్రి. మొక్క పగలు చేసుకున్న తిండిని రాత్రి శ్వాసలో ఖర్చుపెడుతుంది. రాత్రి వేడిగా ఉంటే ఖర్చు పెరుగుతుంది, రాబడి మాత్రం పెరగదు. వరసగా రెండు మూడు వారాలు ఇలా గడిస్తే వేరు కుదించుకుపోతుంది. వసంతంలో 15 సెంటీమీటర్లు దిగిన వేరు వేసవి చివరికి రెండు మూడు సెంటీమీటర్లే మిగలడం మామూలు విషయం. ఆ స్థితిలో ఒక్క మధ్యాహ్నం నీళ్లు ఆలస్యమైతే చాలు, సాయంత్రానికి మచ్చలు పడతాయి.

బెర్ముడాకు ఈ బాధ లేదు. దాని బాధలు రెండు: నీడ, గడ్డకట్టే చలి. రోజుకు 8 గంటలు నేరుగా ఎండ పడని గ్రీన్‌లో బెర్ముడా వేస్తే రెండో ఏడాదికే పలచబడుతుంది. చెట్లు కొట్టడానికి కమిటీ ఒప్పుకోదంటే ఆ గ్రీన్‌కు బెర్ముడా మాట మర్చిపోవడమే మేలు. ఇక చలి సంగతి. రాత్రి కనిష్ఠం సున్నాకు 4 డిగ్రీల దిగువకు పోతుందని సూచన వస్తే అల్ట్రాడ్వార్ఫ్ గ్రీన్స్ మీద కవర్లు పరవడం చాలాచోట్ల వాడుక. 18 గ్రీన్స్‌కు కవర్లు పరిచి, గాలికి లేవకుండా మేకులు దిగ్గొట్టి, మళ్లీ తీయడమంటే సిబ్బందికి రోజు పని. కానీ అది ఏడాదిలో కొన్ని రాత్రుల పని. బెంట్‌కైతే వేసవి పొడవునా రోజూ పని: ఫ్యాన్లు, చేతి పైపులు, మందులు, ఆదివారం మధ్యాహ్నం కూడా ఇద్దరు మనుషులు.

పేరున్న కోర్సులు రెండు వైపులకూ మారాయి. అమెరికాలోని అగస్టా నేషనల్ 1981 మాస్టర్స్ టోర్నీ నాటికి గ్రీన్స్‌ను బెర్ముడా నుంచి బెంట్‌కు మార్చింది. తర్వాతి కాలంలో గ్రీన్ అడుగు నుంచి తేమను, వేడి గాలిని లాగేసే యంత్రాల సాయంతో దాన్ని కాపాడుకుంటోంది. పైన్‌హర్స్ట్ నంబర్ 2 సరిగ్గా ఎదురు దారి పట్టింది. 2014లో వరస వారాల్లో పురుషుల, మహిళల యూఎస్ ఓపెన్‌లు అయిపోగానే బెంట్ తీసేసి ఛాంపియన్ బెర్ముడా వేసింది. అగస్టాను చూసి బెంట్ వేయాలనుకునేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: అగస్టా వేసవిలో మూసేస్తారు. మీరు మూయగలరా?

నా సలహా ఇది. పదేళ్ల రాత్రి ఉష్ణోగ్రతల రికార్డు తీయండి. పగటివి పక్కన పెట్టేయండి. కనిష్ఠం 20 డిగ్రీలకు దిగని రాత్రులు ఏటా రెండు నెలలు మించితే బెర్ముడా వైపు వెళ్లండి. సున్నాకు 4 డిగ్రీలు దిగువన గడిచే రాత్రులు ఏటా వేళ్ల మీద లెక్కపెట్టేవాటికన్నా ఎక్కువుంటే బెంట్ వేయండి. రెండూ ఉన్న మధ్యస్థ ప్రాంతాల్లో నేను బెర్ముడాకే ఓటేస్తాను. చలి రాబోతోందని రెండు మూడు రోజుల ముందు తెలుస్తుంది, కవర్ పరవొచ్చు. మూడు వారాల వేడి రాత్రుల మీద పరిచే కవర్ ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

ఉప్పు నీరో, శుద్ధి చేసిన మురుగు నీరో తప్ప వేరే దిక్కు లేని చోట సీషోర్ పాస్పాలమ్ అనే గడ్డిని తప్పకుండా చూడాలి. ఉప్పును అది ఓర్చుకున్నట్టు మిగతావి ఓర్చుకోలేవు. మబ్బు పట్టిన వారాల్లో కూడా బెర్ముడా కన్నా నిలకడగా ఉంటుంది. చలికి మాత్రం అస్సలు ఆగదు. రియోలో 2016 ఒలింపిక్స్ కోర్సుకు గ్రీన్స్‌లో పాస్పాలమ్, ఫెయిర్‌వేల్లో (బంతిని మొదట కొట్టే చోటు నుంచి గ్రీన్ దాకా సాగే పచ్చికలో) జోయిసియా అనే గడ్డి వేశారు. ఇక పోవా ఆన్యువా అనే గడ్డి సంగతి. దాన్ని కావాలని నాటేవాళ్లు అరుదు, అదే వచ్చి కూర్చుంటుంది. చల్లటి సముద్రతీరాల్లో అది గొప్ప గ్రీన్స్ ఇస్తుంది, పెబుల్ బీచ్‌లో ఉన్నది అదే. అయితే మంచు గడ్డకట్టి పలకలా కప్పేసే ప్రాంతాల్లో నెలన్నర, రెండు నెలలకే చచ్చిపోతుంది. బెంట్ అదే పలక కింద మూడు నెలలు తట్టుకోగలదు.

ఫెయిర్‌వేలకు ఇంత తర్జనభర్జన అక్కర్లేదు. అక్కడ కోత ఎత్తు సెంటీమీటరు పైన ఉంటుంది కాబట్టి గడ్డికి ఊపిరి ఆడుతుంది. నీటి ఎద్దడి ఉంటే టిఫ్‌టఫ్ లాంటి బెర్ముడా, చలి ముప్పు ఉంటే లాటిట్యూడ్ 36, టహోమా 31 లాంటివి చూడండి. కొంత నీడ ఉంటే జోయిసియా నయం. కానీ డివోట్ (దెబ్బకు ఊడే గడ్డి పెళ్ల) లేచిన చోట జోయిసియా మళ్లీ కమ్ముకోవడానికి చాలా కాలం తీసుకుంటుంది. ఆట ఎక్కువుండే కోర్సుకు అది చిన్న విషయం కాదు.

గడ్డి ముందా, డ్రైనేజీ ముందా?

డబ్బు ఒక్కదానికే ఉంటే డ్రైనేజీకి పెట్టండి. కొత్త రకం గడ్డి తెచ్చి పాత బంకమట్టి మీద వేస్తే కష్టాలు పాతవే ఉంటాయి.

మీ గ్రీన్ సంగతి తెలియాలంటే రిపోర్టులు అక్కర్లేదు. గుంటలు తీసే కప్పు కట్టర్‌తో గ్రీన్ మధ్యలో ఒక ముక్క, పల్లంలో ఒక ముక్క తీసి పక్కపక్కన పెట్టి చూడండి. పైన గోధుమ రంగులో స్పాంజిలా నొక్కుకుపోయే పొర థాచ్. అది సెంటీమీటరున్నర దాటిందంటే వాన నీళ్లన్నీ అక్కడే ఆగుతున్నాయన్నమాట. దాని కింద నల్లటి చార ఉంటే ముక్కు దగ్గర పెట్టుకోండి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే అక్కడ గాలి ఆడక చాలా రోజులైంది. తెల్లగా, గట్టిగా ఉన్న వేరు బతికున్నది. వేళ్ల మధ్య నలిపితే పైతోలు జారిపోయి దారంలా మిగిలేది చచ్చిన వేరు.

ముందు మూడు దారులున్నాయి. మొదటిది మొత్తం తవ్వి కట్టడం. అమెరికా గోల్ఫ్ సంఘం యూఎస్‌జీఏ 1960లో మొదటిసారి ప్రకటించిన పద్ధతిలో, ఇప్పటి సవరణలతో, 10 సెంటీమీటర్ల కంకర మీద 30 సెంటీమీటర్ల ఇసుక మిశ్రమం వేస్తారు. గంటకు 150 మిల్లీమీటర్లు, అంతకన్నా ఎక్కువ నీరు ఇంకాలన్నది దాని లెక్క. కుంభవృష్టి కురిసినా మర్నాడు ఆట ఆడించొచ్చు. రెండోది ఉన్న గ్రీన్‌లోనే సన్నటి కాలువలు కోసి పైపులు పరవడం. ఆట కొద్ది రోజులే ఆగుతుంది, గ్రీన్ ఆకారం చెడదు. మూడోది ఏటా కోరింగ్ చేసి (సన్నటి మట్టి కడ్డీలు పెరికి), ఆ రంధ్రాలు ఇసుకతో నింపి, పైన పలచగా ఇసుక చల్లుతూ నాలుగైదేళ్లలో పై పొరను మార్చుకోవడం. అన్నిటికన్నా చౌక ఇదే, ఓపిక మాత్రం కావాలి. మధ్యలో ఒక ఏడాది ఇసుక రకం మార్చారో, పొరలు పొరలుగా ఏర్పడి మొదటికే మోసం వస్తుంది.

వానే మీ ప్రధాన శత్రువు అయితే, గ్రీన్ వాలు బాగుంటే, నేను రెండోది, మూడోది కలిపి చేస్తాను. వాలే సరిగ్గా లేని గ్రీన్‌కు, నీళ్లు ఎటూ పోలేని గుంటకు పైపులు వేసి ఉపయోగం తక్కువ. అక్కడ తవ్వక తప్పదు.

ఒక హెచ్చరిక. ఇసుక గ్రీన్ వానకు ఎంత మంచిదో, వానలు ఎగ్గొట్టిన ఏడాదికి అంత కష్టం. నీళ్లు, పోషకాలు రెండూ నిలవవు. ఇసుక రేణువులకు మైనంలాంటి పూత పట్టి నీటిని తోసేసే పొడి మచ్చలు వస్తాయి. కాబట్టి డ్రైనేజీ బాగుచేసుకుంటే వెటింగ్ ఏజెంట్ (నీరు ఇంకేలా చేసే మందు) ఖర్చు కూడా బడ్జెట్‌లో రాసుకోండి.

నీళ్లు: టైమరా, చేతి పైపా?

ఫెయిర్‌వేల మీద 5 మిల్లీమీటర్ల నీళ్లంటే హెక్టారుకు 50 వేల లీటర్లు. 12 హెక్టార్ల ఫెయిర్‌వేలకు ఒక్క రాత్రి 6 లక్షల లీటర్లు. ఈ పనికి స్ప్రింక్లర్ తప్పదు. కానీ వారానికి ఒకసారి సెట్ చేసి వదిలేసే టైమర్‌కు వాతావరణం తెలియదు. ఎండ కాస్తూ పొడి గాలి వీచే రోజు గడ్డి 6, 7 మిల్లీమీటర్ల నీటిని ఆవిరి చేయగలదు. మబ్బు పట్టిన రోజు అందులో సగం కూడా కాదు. సొంత వాతావరణ స్టేషన్ పెట్టుకుని, ఆవిరైన దానిలో 70, 80 శాతం తిరిగి ఇచ్చేలా నడపడం మంచి మధ్యమార్గం.

గ్రీన్స్ మీద మాత్రం నా ఓటు చేతి పైపుకే. ఒకే గ్రీన్‌లో మిట్ట ఎండిపోయి పల్లం చిత్తడిగా ఉంటుంది. స్ప్రింక్లర్ రెండింటికీ ఒకటే పోస్తుంది. నేలలో తేమ కొలిచే టీడీఆర్ మీటర్ ఉంటే పని తేలిక. అందులో చూపే తేమ శాతానికి అందరికీ సరిపడే అంకె లేదు. పొద్దున ఒక మిట్ట దగ్గర కొలిచి రాసుకోండి, గడ్డి వడలడం మొదలైన క్షణంలో మళ్లీ కొలవండి. ఆ రెండో అంకే ఆ గ్రీన్ హద్దు. దానికి నాలుగైదు శాతం పైన ఉండేలా చూసుకుంటే చాలు. మీటర్ లేకపోతే పాదాలే సాక్ష్యం. గ్రీన్ మీద నడిచి వెనక్కి తిరిగి చూడండి. అడుగులు చెరగకుండా అలాగే ఉండి, ఆ భాగం నీలం కలిసిన బూడిద రంగులోకి మారిందంటే అరగంటలో పైపు అక్కడుండాలి.

రేపు వాన పడే అవకాశం 60 శాతమని సూచన వచ్చింది, ఈ రాత్రి నీళ్లు పెట్టాలా వద్దా? చాలామంది భయపడి పెట్టేస్తారు. నేనైతే ఆపుతాను. వాన రాకపోతే పొద్దున చేతి పైపుతో మిట్టలు తడిపి సర్దుకోవచ్చు. పెట్టిన నీళ్ల మీద 40 మిల్లీమీటర్ల వాన పడి, ఆ వెంటనే ఎండ కాస్తే నిలిచిన నీళ్లు వేడెక్కి గడ్డి ఉడికిపోతుంది. దానికి మందు లేదు.

మధ్యాహ్నం వేళ సన్నగా చిలకరించడం నీళ్లు పెట్టడం కిందికి రాదు. అది ఆకును చల్లబరచడానికే. గాలి కదిలే పొడి రోజున పనిచేస్తుంది. గాలి స్తంభించి ఉక్కపోసే రోజున ఆవిరి కాదు కాబట్టి దానివల్ల ఒరిగేది తక్కువ, తెగులుకు తేమ అందించినట్టు అవుతుంది. ఆ రోజుల్లో డబ్బు ఫ్యాన్ మీద పెట్టండి.

ఎరువు, కోత, మందు: క్యాలెండర్‌ను పక్కన పెట్టండి

గుళికల ఎరువు ఒకసారి చల్లితే ఆరేడు వారాలు చూసుకోనక్కర్లేదు. సిబ్బంది తక్కువున్న చోట ఫెయిర్‌వేలకు అదే సరి. కానీ పూత ఉన్న గుళికల నుంచి నత్రజని వేడిని బట్టి విడుదలవుతుంది. అకాలంగా ఎండలు ముదిరితే ఆరు వారాల తిండి మూడు వారాల్లో బయటికొస్తుంది. బెంట్‌కు సరిగ్గా అప్పుడే అది వద్దు. గ్రీన్స్‌కు వారం, పది రోజులకోసారి హెక్టారుకు 5 కిలోల నత్రజని చొప్పున ద్రవంగా కొట్టడం మేలు. వాతావరణం తిరగబడితే తర్వాతి విడత ఆపేయొచ్చు. చల్లేసిన గుళికల్ని ఏరుకోలేం.

పెరుగుదలను తగ్గించే ట్రైనెక్సాపాక్ విషయంలో కూడా ఇంతే. మూడు వారాలకోసారి అనే లెక్క చాలాచోట్ల నడుస్తోంది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బెంట్ గ్రీన్స్‌కు చూపించిన దారి వేరు: రోజువారీ సగటు ఉష్ణోగ్రతలు కూడుకుంటూ పోయి 200 కాగానే మళ్లీ కొట్టాలి. సగటు 10 డిగ్రీలున్నప్పుడు అది 20 రోజులు. 25 డిగ్రీలున్నప్పుడు 8 రోజులే. ఎండాకాలంలో మూడు వారాలు ఆగితే మందు ప్రభావం ఎప్పుడో పోయి, అణిగిన గడ్డి ఒక్కసారిగా ఎగదన్నుతుంది.

తెగుళ్లను రెండు రకాలుగా విడదీసి చూడాలి. డాలర్ స్పాట్ నెమ్మదైనది. రూపాయి బిళ్లంత మచ్చలు, తెల్లవారుజామున వాటి మీద సాలెగూడులాంటి తెల్లటి పోగులు కనిపిస్తాయి. దానికి స్మిత్ కెర్న్స్ మోడల్ బాగా పనికొస్తుంది. ఐదు రోజుల సగటు ఉష్ణోగ్రత, గాలిలో తేమ ఇస్తే ముప్పు ఎంత శాతమో చెబుతుంది. 20 శాతం దాటితే మందు కొట్టడం మామూలు లెక్క. ఫెయిర్‌వేల్లో వృథాగా కొట్టే మందులు దీంతో తగ్గుతాయి. పితియం అలా కాదు. పగలు 30 దాటి, రాత్రి 20కి దిగక, ఆకు గంటల తరబడి తడిగా ఉంటే ఒకటి రెండు రోజుల్లో మోవర్ చక్రాల బాట పట్టి చారలు చారలుగా తుడిచిపెట్టేస్తుంది. ఆ సూచనలు కనిపిస్తే బెంట్, రైగ్రాస్ (మరో చలి గడ్డి) ఉన్న చోట ముందే కొట్టండి. అక్కడ పొదుపు పనికిరాదు.

కోత గురించి ఒక్కటే మాట. చెడ్డ వారాల్లో ఎత్తు అర మిల్లీమీటరు పెంచి, రోజు మార్చి రోజు కోతకు బదులు రోలర్ తిప్పండి. బంతి వేగం పెద్దగా తగ్గదు. రోలింగ్ వల్ల డాలర్ స్పాట్ కూడా తగ్గుతుందని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో గమనించారు. చిత్తడిగా ఉన్న మట్టి గ్రీన్ మీద మాత్రం రోలర్ ఎక్కించొద్దు.

చలికాలం: రై చల్లడమా, రంగు వేయడమా, వదిలేయడమా?

బెర్ముడా నిద్రపోయే ప్రాంతాల్లో ఏటా జరిగే వాదన ఇది. పెరెన్నియల్ రైగ్రాస్ విత్తనం పైన చల్లితే చలికాలమంతా పచ్చగా ఉంటుంది, టీవీలో అందంగా కనిపిస్తుంది. దాని ధర విత్తనం బిల్లుతో అయిపోదు. మొలకెత్తే రెండు వారాలు రోజుకు మూడు నాలుగు సార్లు తడపాలి, ఆట ఆగుతుంది లేదా కార్టులు దారి దిగకూడదు. అసలు లెక్క తేలేది వసంతంలో. బెర్ముడా కోలుకోవడానికి రై పోటీ లేకుండా ఏడాదికి కనీసం 100 రోజులు కావాలన్నది ఈ రంగంలో అందరూ చెప్పే మాట. వసంతం చల్లగా సాగితే రై పోనే పోదు, బెర్ముడా దాని కింద వెలుతురు లేక నీరసిస్తుంది. ఎండలు ఉన్నట్టుండి ముదిరితే రై వారంలో చచ్చి, కింద లేవని బెర్ముడా బోడిగా బయటపడుతుంది. వసంతం ఎలా వస్తుందో చెప్పలేని రోజుల్లో ఇది రెండు వైపులా నష్టపోయే పందెం.

పచ్చ రంగు కొట్టడం దీనికన్నా చాలా నయం. నీళ్లు అక్కర్లేదు, కోత అక్కర్లేదు, వసంతంలో పోటీ లేదు. ముదురు రంగు ఎండను పీల్చి నేలను కాస్త వెచ్చబరుస్తుంది కాబట్టి గడ్డి కొంచెం ముందే మేల్కొంటుంది కూడా. ఒకే ఒక్క లోపం, అరిగిన చోట పెరగదు. కాబట్టి టీల (బంతిని మొదట కొట్టే చోట్ల) మీద, ప్రాక్టీస్ రేంజ్ మీద రై చల్లండి. గ్రీన్స్‌కు రంగు వేయండి. ఫెయిర్‌వేలను గోధుమ రంగులోనే వదిలేయండి, బంతి గట్టి నేల మీద ఇంకా బాగా పరిగెడుతుంది. మెంబర్లు గొణుగుతారు. రెండో చలికాలానికి అలవాటు పడతారు.

తెల్లవారి నూగుమంచు పట్టిన గడ్డి మీద ఎవరినీ నడవనివ్వకండి, ఎంత పెద్ద మెంబరైనా సరే. గడ్డకట్టిన కణాలు పాదం కింద పగిలిపోతాయి, ఆ అడుగుల ముద్రలు వారాల తరబడి ఉంటాయి.

దెబ్బతిన్నాక: విత్తనమా, సాడ్‌నా?

ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఏదో ఒక ఏడాది ఒకటో రెండో గ్రీన్స్‌లో మచ్చలు పడతాయి. బెంట్‌లో అరచేయి కన్నా చిన్న మచ్చలైతే రంధ్రాలు గుచ్చి విత్తనం వేయండి, అదీ నేల చల్లబడటం మొదలయ్యాకే. అల్ట్రాడ్వార్ఫ్ బెర్ముడాకు విత్తనం ఉండదు, సాడ్, అంటే మట్టితో సహా కోసిన గడ్డి ముక్కలే అతకాలి. ఆ ముక్కలు బయట కొంటే అవి పెరిగిన మట్టి మీ ఇసుకతో కలవదు, నీళ్లు ఆ అతుకు దగ్గరే ఆగుతాయి. అందుకే కోర్సు ఒక మూల కనీసం ఒక గ్రీన్ అంత నర్సరీ పెంచుకోవడం మేలు. అదే ఇసుక మీద, అదే రకం గడ్డి. దానికి కూడా గ్రీన్స్‌తో పాటే కోత, ఇసుక, రోలర్ అందాలి. పని ఎక్కువైన వారం అందరూ ముందు మర్చిపోయేది నర్సరీనే. ఒక నెల అలా వదిలేస్తే గడ్డి 6, 7 మిల్లీమీటర్లకు పెరిగి మెత్తబడుతుంది. అలాంటి ముక్క తెచ్చి 3 మిల్లీమీటర్ల గ్రీన్‌లో అతికితే మొదటి కోతకే బోడి అవుతుంది.